దేవదాసు: గ్రంథమును తెరయును

‘దేవదాసు’ అను పేరు తెలుగున సంజ్ఞావాచకముగా ప్రవేశించి జాతివాచకమైనది. గడ్డము పెంచుకొని, విరహమున కృశించి, మద్యమున నూరట వెదకు యువకుని నెవనినైనను లోకులు దేవదాసందురు. ఈ యర్థమునకు శరచ్చంద్ర చట్టోపాధ్యాయుని నవలయే మూలమని తలచువారు పెక్కురు. గ్రంథమును చదివిచూచినచో, దీని కుత్తరవాదిత్వము నవలకంటె తెరకే యెక్కువగా కలదని తేలును.

శరచ్చంద్రుడు (1876–1938) ఈ నవలను యౌవనారంభమున వ్రాసి, చాలకాలము ప్రకటింప సంకోచించెను. తుదకు 1917లో నది గ్రంథరూపమున వెలువడెను. అందలి నాయకుడు పూజార్హుడుగా చిత్రింపబడలేదు. పార్వతి రాత్రివేళ నొంటిగా అతని గదికి వచ్చి, లోకనిందను లెక్కసేయక, తన్ను స్వీకరింపుమని కోరును. అతడు తల్లిదండ్రుల యిష్టమును మీఱజాలక కలకత్తాకు పోయి, ఆమెయందు తనకట్టి యనురాగము లేదన్నట్లు జాబు వ్రాయును. పిమ్మట పశ్చాత్తప్తుడై తిరిగివచ్చి, ఆమె యాత్మాభిమానముతో నిరాకరింపగా, చేతనున్న గాలపుకఱ్ఱతో నొసట కొట్టి గాయపఱచును. పిఱికితనము, అహంకారము, చపలత్వము—వీనిలో దేనిని గ్రంథకర్త మఱుగుపఱుపలేదు. గ్రంథాంతమున తానే పాఠకులతో మాటాడుచు, ఇట్టి దురదృష్టవంతునిపై జాలిగొని ప్రార్థింపుడని వేడుకొనును. కోరినది జాలియే, మెప్పు గాదు. తెరపై మొదట నష్టమైనది యీ భేదమే.

1928లో నరేశ్ మిత్రా మూకచిత్రముగా నీ కథను తీసెను. కాని తరువాతివారికి మార్గదర్శకమైనది 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారి పక్షమున ప్రమథేశ్ బారువా తీసిన వంగభాషాచిత్రము. అందు బారువాయే నాయకుడు. హిందీ చిత్రమున సైగల్. బారువా మూలమును గ్రుడ్డిగా ననుసరించినవాడు కాడు. రైలుబండిలో దేవదాసు పడకనుండి క్రింద పడుటను, దూరమున పార్వతి తొట్రుపడుటను వెంటవెంటనే చూపుట యతని కల్పనము. అది గ్రంథమున లేకున్నను గ్రంథహృదయమునకు విరుద్ధము కాదు. ఇరువుర బంధమును మాటలు లేక తెలుపుచున్నది. అక్షరానుసరణమే విశ్వాస్యతయని వాదించువా రిట్టి ఘట్టములను గమనింపవలసియున్నది.

అంత్యఘట్టమున నట్లు చెప్పరాదు. నవలలో దేవదాసు ఎడ్లబండిపై హాతీపోత చేరి, పార్వతి యత్తవారి భవనము నెదుట చెట్టుక్రింద రాత్రి యంతయు పడియుండి మరణించును. లోపలనున్న పార్వతి కేమియు తెలియదు. శవమును కొనిపోయిన తరువాతనే యెవరో తెలిసి యామె పరుగెత్తును, ఇంటివారు పట్టుకొందురు, మూర్ఛిల్లును. బారువా యిచ్చట నామె ముఖముమీద భవనద్వారమును మూయించెను. దృశ్యము బలమైనదే, సందేహము లేదు. అందుచేతనే పిమ్మటివారు దానిని విడువలేకపోయిరి. 2002లో సంజయ్ లీలా భన్సాలీ చిత్రమున దేవదాసు ప్రాణములతో నుండగనే యామె పరుగెత్తివచ్చును. ఆలస్యముగా తెలియుట యనెడి మూలమందలి దారుణము పోయి, అందీయందనట్టి ఉత్కంఠ దాని స్థానము నాక్రమించెను.

తెలుగువారి విషయము వేఱు. చక్రపాణి యనువాదములవలన శరత్సాహిత్య మిచ్చట నింటింట చదువబడి, ఆయనను తెలుగు రచయితగానే యెన్నుకొన్నవారు గలరు. అట్టి పాఠకలోకమునకు 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున ‘దేవదాసు’ చిత్రము వచ్చెను. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, లలిత ప్రధానపాత్రలు ధరించిరి. కథాగమనమున నిది మూలమునకు చాలవఱకు సమీపమే. మార్పు వచ్చినది పాటలవలన. సీనియర్ సముద్రాల సాహిత్యమును ఘంటసాల గానము చేయగా, త్రాగుబోతు నోట వేదాంతము పలికెను. నవలలోని దేవదాసునకు తత్త్వచింత లేదు. అతడు త్రాగుటకు కారణము చెప్పుకొనుటయు చేతగానివాడు. పాట యతనికి లేని జ్ఞానము నొసగి, దౌర్బల్యమునకు వైరాగ్యచ్ఛాయ పూసెను. ఆ పాటల మాధుర్యమును కాదనువాడు రసికుడు కాడు. జాతివాచకమైన దేవదాసు పుట్టినది మాత్ర మా మాధుర్యమునుండియే.

స్త్రీపాత్రల గతియు విచార్యము. నవలలో పార్వతియు చంద్రముఖియు నెన్నడు కలిసికొనరు. బారువా చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయ్ తాను 1955లో దర్శకుడై, ఇరువురను దారిలో నొకరి నొకరు చూచి మౌనముగా సాగిపోవునట్లు చేసెను. అది హద్దు తాకి నిలిచిన కల్పనము. భన్సాలీ వారిద్దఱచేత కలిసి నృత్యము చేయించెను. తన వృత్తిని విడిచి పల్లెలో కుటీరవాసము చేసిన చంద్రముఖి త్యాగ మా కోలాహలమున వినబడదు. దేవదాసు కలకత్తాకు మాఱు లండనునుండి వచ్చుటయు, భవనముల వైభవమును దీనిముందు స్వల్పదోషములు.

విద్యార్థులకు నవలను బోధించువారు తెరను నిందింప నక్కఱలేదు గాని, గ్రంథపు చివరిపుటను తప్పక చదివింపవలెను. మూర్ఛనుండి తేరుకొన్న మఱునాడు పార్వతి యెవరితోను మాటాడక, ఒక దాసిని మాత్రము పిలిచి, అతడు రాత్రియే వచ్చెను గదా, రాత్రి యంతయు నుండెను గదా యని యడుగును. అంతట మిన్నకుండును. ద్వారము మూయుటతో ముగియు చిత్రమున నా ప్రశ్నకు చోటు లేదు.