సియాటిల్‌లో తెలివైన పిల్లలూ, ఖాళీ బెంచీలూ

"నీకింకా పెళ్ళే కాలేదు, స్కూళ్ళ గొడవలు నీకెందుకురా" అంటారు మా టీములోవాళ్ళు. నిజమే. కానీ అమెరికా వెళ్ళిన మనవాళ్ళు అద్దె ఇల్లు చూసేముందు చూసేది స్కూలు రేటింగే కదా. సియాటిల్ వైపు వెళ్ళినవాళ్ళు బెల్‌వ్యూ, రెడ్‌మండ్ అంటారు. ఆ ఊళ్ళ స్కూలు డిస్ట్రిక్టులు వేరు. నేను రాస్తున్నది అసలు సియాటిల్ నగరం స్కూళ్ళ కథ. ఇరవై ఏళ్ళలో మూడుసార్లు బడి మారిన ఒక ప్రోగ్రాం కథ.

దాని పేరు యాక్సిలరేటెడ్ ప్రోగ్రెస్ ప్రోగ్రాం. అందరూ ఏపీపీ అనేవాళ్ళు. పరీక్ష పెట్టి, నూటికి ఇద్దరి లెక్కన పై వరసలో ఉన్న పిల్లల్ని ఏరి, ఒకచోట కూర్చోబెట్టి, రెండు తరగతులు ముందున్న పాఠాలు చెప్పేవారు. మన ఇంటర్ కాలేజీల్లో ర్యాంకుల సెక్షన్ లాంటిదే అనుకోండి. కాకపోతే ఇది ఒకటో క్లాసు నుంచే.

సరే, ఇంతమంది తెలివైన పిల్లల్ని ఏ బడిలో పెట్టాలి? అసలు చిక్కంతా ఇక్కడే.

కొంచెం వెనక్కి వెళ్దాం. సియాటిల్‌లో నల్లజాతివాళ్ళు ఎక్కువగా సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే పేటలో ఉండేవారు. వేరేచోట ఇళ్ళు దొరకనిచ్చేవాళ్ళు కాదు మరి. పేటలు వేరయితే బడులూ వేరవుతాయి. దీన్ని సరిచెయ్యడానికి 1978లో, ఏ కోర్టూ ఆదేశించకుండానే, పిల్లల్ని బస్సుల్లో ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి పంపే పథకం మొదలుపెట్టారు. అదే ఏడు రాష్ట్ర ఓటర్లు దాన్ని ఆపమని ఓటేశారు. 1982లో సుప్రీం కోర్టు ఆ ఓటు చెల్లదంది.

బస్సులు బలవంతం. బలవంతం లేని దారి ఇంకోటుంది: అందరూ కోరుకునే ప్రోగ్రాంని నల్లవాళ్ళ పేటలో పెడితే తెల్లవాళ్ళ పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఏపీపీ చాలాకాలం సెంట్రల్ డిస్ట్రిక్ట్ పక్కన మద్రోనా స్కూల్లో ఉండటం వల్ల జరిగింది అదే. లెక్కల్లో చూస్తే బడి కలిసిపోయింది. లోపలికెళ్ళి చూస్తే ఏపీపీ క్లాసులు వేరు, పేట పిల్లల క్లాసులు వేరు. 1990ల చివర్లో దాన్ని క్యాపిటల్ హిల్ మీదున్న లోవెల్ స్కూలుకి మార్చారు.

2007లో ఇంకో మలుపు. సియాటిల్ తల్లిదండ్రులే కొందరు వేసిన కేసులో, జాతిని చూసి హైస్కూల్ సీట్లు సర్దడం కుదరదని సుప్రీం కోర్టు 5-4తో చెప్పింది. ఆ తర్వాత వచ్చిన గొడవలో ఎక్కువగా వినిపించిన మాట వేరే: కెపాసిటీ. 2009 జనవరిలో, డబ్బు కొరత, ఖాళీ సీట్లు కారణాలుగా చూపి, బోర్డు కొన్ని బడులు మూసెయ్యడానికి ఓటేసింది. టి.టి. మైనర్ అనే స్కూలు అలా పోయింది. అదే నిర్ణయంలో ఏపీపీని రెండు ముక్కలు చేసి ఒక ముక్కని దక్షిణాన ఉన్న థర్‌గుడ్ మార్షల్ స్కూలుకి పంపారు. ఆయన ఎవరో తెలుసుగా? 1954లో తెల్ల, నల్ల పిల్లలకి వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని వాదించి గెలిచిన లాయరు. ఆయన పేరున్న బడిలో మళ్ళీ రెండు రకాల క్లాసులు!

మన భాషలో చెప్పాలంటే ఇది లోడ్ బ్యాలెన్సింగ్. ఏ సర్వర్ ఖాళీగా ఉంటే అటు తోసెయ్యడమే. ఆ లెక్కైనా సరిగ్గా వేశారా అంటే, అదీ లేదు. మూసినవాళ్ళే 2010లో శాండ్ పాయింట్, మెక్‌డొనాల్డ్ అనే పాత బడుల్ని మళ్ళీ తెరిచారు. 2011 వేసవికి లోవెల్ కిక్కిరిసిపోయింది. ఏపీపీ పిల్లల్ని లింకన్ అనే పాత హైస్కూల్ భవనానికి పంపారు. అక్కణ్ణుంచి 2017లో కొత్తగా కట్టిన కాస్కేడియా స్కూలుకి. మొత్తానికి ఇలాంటి ప్రత్యేక బడుల పద్ధతినే దశలవారీగా ఎత్తేస్తామని డిస్ట్రిక్టు ప్రకటించడం 2024లో దేశమంతా వార్తయింది.

ఈ గొడవల్లో ఏపీపీ తల్లిదండ్రుల్ని స్వార్థపరులని తిట్టడం తేలిక. నాకు అలా అనిపించదు. ఆరేళ్ళ పిల్లకి స్నేహితులు, టీచరు ఒక్కసారిగా మారిపోతే ఏ అమ్మయినా అడుగుతుంది. అటుపక్క, ప్రైవేటుగా పరీక్ష రాయించుకోగలిగిన ఇళ్ళ పిల్లలకే దారి సులువుగా ఉందని పేటవాళ్ళు అన్నదీ నిజమే.

నాకు గుచ్చుకునేది మూడో సంగతి. లోవెల్ నుంచి ఏపీపీ వెళ్ళిపోయిన రోజున ఆ బడిలో ఇంకా పిల్లలున్నారు. పేట పిల్లలు, తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలు. బడి కోసం చందాలు పోగుచేసే, మీటింగుల్లో నిలదీసే తల్లిదండ్రుల్లో చాలామంది ఏపీపీతో పాటే వెళ్ళిపోతే మిగిలినవాళ్ళ తరఫున అడిగేదెవరు?

ఇది నాకు ఊహ కాదు. నేను ఇంటర్ చదివిన కాలేజీలో (పేరు అనవసరం) సెకండియర్ మధ్యలో ర్యాంకుల సెక్షన్‌ని ఊరిచివర కొత్త క్యాంపస్‌కి తరలించారు. మా లెక్కల సారూ, ఫిజిక్స్ సారూ వాళ్ళతోనే వెళ్ళారు. మాకొచ్చినాయన ఆ ఏడే ఎమ్మెస్సీ పాసయ్యాడు, పాపం బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పుకునేవాడు. వెళ్ళిన సెక్షన్‌కి బస్సు చాలట్లేదని వాళ్ళ నాన్నలు వచ్చి ప్రిన్సిపాల్‌తో పోట్లాడారు. మా గురించి అడగడానికి ఎవరూ రాలేదు. మా నాన్నకైతే సెక్షన్లున్నాయని కూడా తెలీదు.

అందుకే సియాటిల్ కథ చదువుతున్నప్పుడు వెళ్ళిన పిల్లలు ఎక్కడికి వెళ్ళారన్నదానికంటే, వాళ్ళు ఖాళీ చేసిన గదుల పక్క గదిలో ఎవరున్నారన్నదే నా బుర్రలో తిరిగింది. మీలో అక్కడ పిల్లల్ని చదివిస్తున్నవాళ్ళుంటే, ఈసారి స్కూలు మీటింగుకి వెళ్ళినప్పుడు ఆ పక్క గది గురించి కూడా ఒక ప్రశ్న అడగండి. మీ ఇంగ్లీషు, మీ ఓపిక, మీ ఎక్సెల్ షీట్లు వాళ్ళకీ కాస్త పనికొస్తాయి.