పొగ మీద సుంకం

1918లో మాంచెస్టర్‌లో కొందరు కూర్చుని బట్టల ఉతుకుడు ఖర్చు లెక్కేశారు. మిల్లు గొట్టాలూ ఇళ్ల పొయ్యిలూ కలిసి ఊరంతా మసి చల్లుతుంటే కార్మికుల ఇళ్లలో సబ్బుకీ, నీళ్లు కాచుకునే బొగ్గుకీ ఎంతవుతోంది? గాలి శుభ్రంగా ఉండే హారోగేట్‌లో అలాంటి ఇళ్లకే ఎంతవుతోంది? రెండూ పక్కపక్కన పెడితే మాంచెస్టర్ ఇల్లాలి చేతి నుంచి వారానికి ఏడున్నర పెన్నీలు అదనంగా జారిపోతున్నాయని తేలింది. ఊరు మొత్తానికి ఏడాదికి 2,90,000 పౌండ్ల పైమాటే. పొగ ఒకరిది, చాకిరేవు ఖర్చు ఇంకొకరిది.

ఈ లెక్కని కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆర్థర్ సిసిల్ పిగూ తన ‘ది ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్’లో వాడుకున్నాడు. ఆ పుస్తకం మొదట 1920లో వచ్చింది. సరుకు ధరలో కలవని నష్టం ఎవరో ఒకరు భరిస్తూనే ఉంటారు కాబట్టి, దాన్ని పన్నుగా మార్చి చేసినవాడి ఖాతాలోనే రాయాలన్నది ఆయన వాదన. అర్థశాస్త్ర విద్యార్థులు తరాల తరబడి దీన్ని చదివి పరీక్షలు రాశారు. పొగ గొట్టాల మీద పన్ను వేసే ధైర్యం మాత్రం ప్రభుత్వాలకి చాలాకాలం రాలేదు.

కర్బన పన్నుకి బోణీ చేసింది ఫిన్లండ్, 1990లో. మరుసటి ఏడు స్వీడన్ టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి 250 క్రోనార్లు కట్టమంది. అదే సంస్కరణలో ఆదాయపు పన్ను తగ్గించింది కాబట్టి జనం మరీ గగ్గోలు పెట్టలేదు.

అయితే స్వీడన్ అసలు తెలివి 1992 జనవరిలో అమలుకొచ్చిన ఇంకో సుంకంలో కనిపిస్తుంది. ఆమ్ల వర్షాలతో అక్కడి సరస్సుల్లో చేపలు చచ్చిపోతున్నాయి. కారణాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు ఒకటి. ఇవి ఎంత వెలువడతాయో ఇంధనం తూచి చెప్పలేం. మంట వేడి, లోపలికి వెళ్లే గాలి, బాయిలర్ తయారీ, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. అంటే గొట్టం దగ్గరే మీటరు పెట్టాలి. మీటరేమో ఖరీదు. చిన్న బాయిలర్లు మోయలేవు, పెద్దవాటికే పన్ను వేస్తే మాకెందుకీ శిక్ష అంటాయి.

దీనికి స్వీడన్ కనిపెట్టిన ఉపాయం వినడానికి తమాషాగా ఉంటుంది: ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో ఇచ్చేయడం. పెద్ద బాయిలర్లున్న ప్లాంట్ల నుంచి కిలో నైట్రోజన్ ఆక్సైడ్లకి 40 క్రోనార్ల చొప్పున వసూలు చేసి, నిర్వహణ కింద నూటికి ఒకటి కూడా ఉంచుకోకుండా, మిగతాదంతా మళ్లీ ఆ ప్లాంట్లకే పంచారు. పంచడంలోనే ఉంది కిటుకు. కట్టేది పొగని బట్టి, తిరిగొచ్చేది తయారుచేసిన శక్తిని బట్టి. ఒకే పరిమాణంలో వేడి ఇచ్చే రెండు ప్లాంట్లలో తక్కువ వదిలేది లాభపడుతుంది, ఎక్కువ వదిలేది దాని వాటా కూడా భరిస్తుంది. సర్కారు ఖజానాకి ఒరిగేదేమీ లేదు, అందుకే ఇది బొక్కసం నింపుకునే ఎత్తుగడ అని ఎవరూ దుమ్మెత్తిపోయలేకపోయారు.

ఫలితం త్వరగానే కనిపించింది. కాలుష్యం తగ్గించే ఏర్పాట్లున్న ప్లాంట్లు 1992లో నూటికి 7 అయితే, 1993కల్లా 62. మీటరు కళ్లెదుట ఉండేసరికి ఆపరేటర్లు గాలి పాళ్లు అటూ ఇటూ సర్ది, కొన్నిచోట్ల పైసా ఖర్చు లేకుండానే అంకె కిందికి దించారు. ఈ పని అంతకుముందు కూడా చేయొచ్చు, చేయాల్సిన అవసరమే ఎవరికీ కలగలేదు.

తిరిగిచ్చేసినంత మాత్రాన పన్ను నిలుస్తుందనీ లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2008లో కర్బన పన్నుని టన్నుకి 10 డాలర్లతో మొదలుపెట్టి, వచ్చిన డబ్బుని పన్ను కోతల రూపంలో తిరిగిచ్చింది. అయినా వినియోగదారుల మీది ఆ పన్ను 2025 ఏప్రిల్‌లో రద్దయింది.

మన దేశంలో ఈ కథ బొగ్గుతో మొదలైంది. 2010 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ టన్నుకి 50 రూపాయల సెస్సు ప్రకటించారు. అది 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయింది. కొత్తగూడెం సింగరేణి బొగ్గయినా, ఓడలో దిగిన విదేశీ బొగ్గయినా రేటు ఒకటే. డబ్బు స్వచ్ఛ ఇంధన నిధికి వెళ్లాలన్నది మాట. 2017-18 దాకా వసూలైంది సుమారు 86 వేల కోట్లు. అందులో నిధికి చేరింది 30 వేల కోట్ల లోపే, ప్రాజెక్టులకి అందింది 16 వేల కోట్ల లోపే. ఈలోగా 2017లో జీఎస్టీ వచ్చింది. సెస్సు పేరు మార్చుకుని రాష్ట్రాల నష్టపరిహారం ఖాతాలో కలిసిపోయింది. పొగ పేరు చెప్పి తెచ్చిన సొమ్ము పొగ ఊసే లేని పద్దులోకి వెళ్లిందన్నమాట.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ 400 కూడా లేదు. బదులుగా బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. పన్ను పెంచారనిపిస్తుంది గానీ, కాగితం మీద వేసి చూడాలి. టన్ను 5,000 రూపాయల మేలు రకం బొగ్గుకి పాత లెక్కలో 650 పడేది, ఇప్పుడు 900. వెయ్యి రూపాయలకి దొరికే, బూడిద నిండిన నాసిరకానికి పాత లెక్కలో 450 పడేది, ఇప్పుడు 180.