ఓడితే ఇంటికే: డ్యూరాండ్ కప్పు చరిత్రలో హైదరాబాద్ పోలీసులు

రెండో ప్రపంచ యుద్ధం, దేశ విభజన వల్ల తొమ్మిదేళ్ళు ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు ఫుట్‌బాల్ పోటీ 1950లో ఢిల్లీలో మళ్ళీ మొదలైంది. స్వతంత్రం వచ్చాక జరిగిన ఆ మొదటి పోటీ ఫైనల్లో ఒకవైపు కలకత్తా మోహన్ బగాన్, రెండోవైపు హైదరాబాద్ సిటీ పోలీస్. మొదటి రోజు ఆట తేలలేదు. పెనాల్టీలు కొట్టి తేల్చే పద్ధతి అప్పటికి ఇంకా రాలేదు. డ్రా అయితే ఇంకో రోజు మళ్ళీ ఆడాల్సిందే. ఆ రెండో ఆటలో 1-0తో పోలీసులు గెలిచారు. స్వతంత్ర భారతదేశంలో డ్యూరాండ్ కప్పును మొట్టమొదట అందుకున్న జట్టు మన హైదరాబాద్‌ది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో లేదు. మన మైదానాల గోడల మీదైనా ఉండాలని నా కోరిక.

ఈ కప్పు పుట్టింది సిమ్లా కొండల్లో. భారత ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శి సర్ మోర్టిమర్ డ్యూరాండ్ 1888లో దీన్ని నెలకొల్పాడు. భోపాల్ దగ్గరి సీహోర్‌లో పుట్టిన ఇంగ్లీషువాడాయన. 1893లో అఫ్గానిస్తాన్ అమీర్‌తో మాట్లాడి ఆయన గీసిన సరిహద్దు ఇవాళ్టికీ తగాదాల్లోనే ఉంది. సిమ్లా దగ్గర దగ్షాయ్ కంటోన్మెంట్‌లో జరిగిన తొలి ఫైనల్లో రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ జట్టు హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీని 2-1తో ఓడించింది. ఆడింది బ్రిటిష్ పటాలాలు, చూసింది బ్రిటిష్ దొరలు. కొండమీద ఎండాకాలం గడిపే పటాలాలకు వినోదం, వ్యాయామం కల్పించడమే దాని ఉద్దేశం. దేశం మొత్తానికీ పోటీ కావాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ లేదు.

ఇంగ్లండ్ ఎఫ్.ఏ. కప్పు, స్కాటిష్ కప్పు తర్వాత ప్రపంచంలో మూడో పాత కప్పు ఇదేనని చాలాచోట్ల రాస్తుంటారు. ఆ లెక్క సరికాదు. వేల్స్ కప్పు 1877లో, ఐర్లండ్ కప్పు 1880లో మొదలయ్యాయి. ఆసియాలో అతి పాత ఫుట్‌బాల్ పోటీ అన్న మాట మాత్రం నిజం. అంత గౌరవం ఉన్నదానికి లేని గొప్ప తగిలించడం ఎందుకు?

తొలినాళ్ళలో ఒక నియమం ఉండేది. వరుసగా మూడుసార్లు గెలిచిన జట్టు కప్పును శాశ్వతంగా తీసుకెళ్ళొచ్చు. 1893, 94, 95లో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ గెలిచి కప్పు పట్టుకుపోయింది. 1897, 98, 99లో బ్లాక్ వాచ్ కూడా అదే చేసింది. ప్రతిసారీ కొత్త కప్పు చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు గెలిచిన జట్టుకు మూడు ట్రోఫీలు ఇస్తారు: డ్యూరాండ్ కప్పు, సిమ్లా పౌరులు బహూకరించిన సిమ్లా ట్రోఫీ, బాబూ రాజేంద్ర ప్రసాద్ కాలంలో మొదలైన రాష్ట్రపతి కప్పు. మొదటి రెండూ ఏటా చేతులు మారతాయి. రాష్ట్రపతి కప్పు గెలిచినవాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

1911లో మోహన్ బగాన్ ఉత్తకాళ్ళతో ఆడి ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలిచిన కథ దేశమంతా ఎరుగును. డ్యూరాండ్‌లో అలాంటి రోజు రావడానికి ఇంకా ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది. 1940లో పోటీని సిమ్లా నుంచి ఢిల్లీకి దించారు. ఇప్పుడు ధ్యాన్‌చంద్ స్టేడియం అంటున్న ఇర్విన్ ఆంఫీథియేటర్‌లో మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి కప్పు పట్టింది. ఆ గెలుపుతో కప్పు తొలిసారి పటాలాల చేయి దాటింది. తర్వాత తొమ్మిదేళ్ళు పోటీయే లేదు.

మళ్ళీ మొదలయ్యాక మన పోలీసులు ఆడిన ఆట గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. 1950 నుంచి 1963 దాకా, చైనా యుద్ధం వచ్చిన 1962 పోగా, పదమూడు పోటీలు జరిగాయి. వాటిలో ఏడింట హైదరాబాద్ పోలీసు జట్టు ఫైనల్ దాకా వచ్చింది. 1950, 1954, 1957, 1961లో గెలిచింది. 1952, 1956, 1963లో ఓడింది. రాష్ట్రం ఏర్పడ్డాక జట్టు పేరు ఆంధ్రా పోలీస్ అయింది, అందుకే చివరి రెండు ఫైనల్స్ ఆ పేరుతో కనబడతాయి. బొంబాయి రోవర్స్ కప్పునైతే 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు వదల్లేదు.

లీగులో ఒకరోజు కాలు సాగకపోతే తర్వాతి వారం సర్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ వెసులుబాటు లేదు. గోల్‌కీపర్ చేయి ఒక్కసారి జారితే ఆ సాయంత్రమే రైలెక్కాలి. అలాంటి పోటీల్లో ఐదేళ్ళు వరుసగా నిలవడం, పదమూడింట ఏడుసార్లు ఫైనల్‌కు రావడం అదృష్టంతో అయ్యే పని కాదు. దాని వెనుక సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నాడు.

రహీం సాబ్ బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, 1950 నుంచి పోలీసు జట్టు కోచ్. కుర్రాళ్ళ కోసం ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒకదానిలో బంతితో డ్రిబ్లింగ్ చేయకూడదు, అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదానిలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. బంతి మీద మమకారం పెంచుకుని ఒంటరిగా పరుగెత్తే ఆటకు పేరుపడ్డ దేశంలో, బంతి వదిలేయడం ఎలాగో ఆయన నేర్పాడు. ఆ చదువు చదివినవాళ్ళే నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటివాళ్ళు. నూర్, అజీజ్, జుల్ఫికర్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన భారత జట్టులో ఉన్నారు. ఆ జట్టు కోచ్ కూడా రహీమే.

పోలీసులు గెలవని ఏళ్ళలో కూడా కప్పులో హైదరాబాద్ చేయి ఉండేది. 1955, 1958లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ డ్యూరాండ్ గెలిచినప్పుడు గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డ పొడగరి పీటర్ తంగరాజ్. ఆయన హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట నేర్చి సైన్యంలో చేరినవాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ముగ్గురూ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఆ ఫైనల్ నాటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశాడు. ఆ ఏటి డ్యూరాండ్‌లో ఆంధ్రా పోలీస్ ఫైనల్ దాకా వెళ్ళి మోహన్ బగాన్ చేతిలో ఓడింది. ఆ తర్వాత ఆ జట్టు మళ్ళీ ఫైనల్ చూడలేదు.

ఒక్క మనిషి పోగానే ఆట పోయిందనడం పూర్తి నిజం కాదు. కలకత్తా క్లబ్బుల డబ్బు, అభిమానం మన పిల్లల్ని చాలా కాలంగా లాగుతూనే ఉన్నాయి. ఇక్కడ ఆటగాడికి పోలీసు కొలువు ఉండేది, అక్కడ వేలమంది జనం ఉండేవారు. వెళ్ళినవాళ్ళను తప్పుపట్టలేం. వాళ్ళ వెనక కొత్తవాళ్ళను తయారుచేసే పంతులు లేకపోవడమే అసలు దెబ్బ. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే అది రహీం నాటిన మొక్కల చివరి కాపు.

ఆపైన డ్యూరాండ్ చాలావరకు కలకత్తా పెద్ద క్లబ్బులది. మోహన్ బగాన్ 1963, 64, 65లో వరుసగా మూడుసార్లు గెలిచింది. ఈస్ట్ బెంగాల్ 1989, 90, 91లో ఆ పని చేసింది. మధ్యమధ్య సరిహద్దు భద్రతా దళం, గూర్ఖా బ్రిగేడ్, పంజాబ్ జె.సి.టి. వంటి జట్లు వాళ్ళకు అడ్డుతగిలాయి. మోహన్ బగాన్‌కు ఇప్పటికి 17 టైటిళ్ళు, ఈస్ట్ బెంగాల్‌కు 16.

మన పోలీసులు ఏలిన రోవర్స్ కప్పు 2000-01 తర్వాత ఆగిపోయింది. డ్యూరాండ్ మాత్రం బతికింది. దీన్ని సైన్యం నడపడమే అందుకు కారణమని నా నమ్మకం. క్లబ్బులు పట్టించుకోని ఏళ్ళలో కూడా సైన్యం దీన్ని వదిలిపెట్టలేదు. 2016 తర్వాత రెండేళ్ళు ఆగిన పోటీని 2019లో కోల్‌కతాకు మార్చారు. ఆ ఏడు గోకులం కేరళ మోహన్ బగాన్‌ను వాళ్ళ ఊళ్ళోనే ఓడించింది. 2024, 2025లో గువాహటి జట్టు నార్త్‌ఈస్ట్ యునైటెడ్ వరుసగా గెలిచింది. 2025లో మొదటిసారి ఆడిన డైమండ్ హార్బర్ క్లబ్ సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను ఇంటికి పంపి ఫైనల్ చేరింది. ఫైనల్లో 6-1తో ఓడిందనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు మొదట గ్రూపు ఆటలు ఆడించి, క్వార్టర్ ఫైనల్స్ నుంచి మాత్రమే నాకౌట్ పెడుతున్నారు. ఎక్కువ జట్లకు ఎక్కువ ఆటలు దొరుకుతాయన్నది నిజమే. కానీ మొదటి రోజు నుంచీ ఓడితే ఇంటికే అన్న భయంలోనే ఈ కప్పు రుచి ఉండేది. దాన్ని సగం వదులుకున్నామని నాకు బాధగా ఉంటుంది.

2022లో హైదరాబాద్ ఎఫ్.సి. సెమీఫైనల్ దాకా వెళ్ళి, ఒక్క గోల్ తేడాతో బెంగళూరు చేతిలో ఓడింది. ఆ గోల్ పడకపోయి ఉంటే అరవై ఏళ్ళ కిందటి ఫైనల్స్ గురించి అప్పుడే అందరూ ఆరా తీసేవారు. ఆరా తీయడానికి గెలుపుదాకా ఆగనక్కర్లేదు. అప్పటి ఆ మొత్తం ఏడు డ్యూరాండ్ ఫైనల్స్‌లో ఆడిన పోలీసు ఆటగాళ్ళ పేర్లన్నీ, ఎవరు ఏ స్థానంలో ఆడారో సహా, ఒకచోట తెలుగులో అచ్చు కావాలి. ఆ కుటుంబాల పెట్టెల్లో ఫొటోలు, పతకాలు ఇంకా ఉంటాయి. వాటిని అడిగి తీసుకుని, నకళ్ళు చేయించి, భద్రంగా తిరిగి ఇచ్చే పని ఈ సంచిక వెలువడిన ఏడాదిలోనే మొదలుపెట్టాలి.