పేకముక్కలే నాణేలైన కాలం

పదిహేడో శతాబ్దంలో సెయింట్ లారెన్స్ నదీతీరాన, క్విబెక్ ముఖ్యపట్టణంగా వర్ధిల్లిన ఫ్రెంచి వలస ప్రాంతం న్యూ ఫ్రాన్స్ బీవర్ తోళ్ల వ్యాపారంతో లాభాలు గడించినా, నాణేల కొరతతో నిరంతరం సతమతమయ్యేది. ఫ్రాన్సు నుంచి వచ్చిన వెండి అంతా బట్టలకూ మద్యానికీ ఇనుప సామానుకూ చెల్లింపుగా మళ్లీ ఓడలెక్కి వెళ్లిపోయేది. దీన్ని ఆపడానికి నాణేల విలువను స్వదేశంలో కన్నా మూడో వంతు పెంచి లెక్కకట్టినా ఫలితం అంతంతమాత్రమే.

1685లో సైనికుల జీతాలకు రావలసిన సొమ్ము సకాలంలో చేరకపోవడంతో, ఆర్థిక, న్యాయ వ్యవహారాలు చూసే ఇంటెండెంట్ పదవిలో ఉన్న జాక్ ద మెల్ జూన్ 8న ఒక అసాధారణమైన ఉత్తర్వు జారీచేశాడు. వలస ప్రాంతంలో ముద్రణాలయం లేదు, మంచి కాగితమూ అరుదు. పేకలు మాత్రం దొరికేవి. ఆ ముక్కల మీద అతడు సంతకం చేసి, పూర్తి ముక్కకు 4 లివ్రులు, సగానికి 40 సోళ్లు, పావుకు 15 సోళ్లు విలువ నిర్ణయించాడు. లివ్ర్ నాటి ఫ్రెంచి ద్రవ్యమానం. 20 సోళ్లు ఒక లివ్ర్. వర్తకులు వీటిని తిరస్కరించరాదనీ, సొమ్ము అందగానే ఖజానా వీటిని తిరిగి తీసుకుంటుందనీ అతడు ప్రకటించాడు. సెప్టెంబరులో ఓడ రాగానే ఆ మాట నిలబెట్టుకున్నాడు. మసాచుసెట్స్ ఆంగ్ల వలస తన కాగితపు ద్రవ్యాన్ని విడుదల చేసింది ఆ తరువాత అయిదేళ్లకు, 1690లో.

నకిలీల భయంతో పారిస్ మంత్రులు మందలించినా, అవసరం మళ్లీ మళ్లీ తలెత్తడంతో ఈ ఏర్పాటు అలవాటుగా మారింది. యుద్ధఖర్చులకు రాజు డబ్బు పంపనప్పుడల్లా కొత్త ముక్కలు వెలువడి, 1714 నాటికి వాటి మొత్తం దాదాపు 20 లక్షల లివ్రులకు చేరగా ధరలు పెరిగాయి. చివరకు ప్రభుత్వం వాటిని సగం విలువకే రద్దు చేసుకుంది. అయినా నాణేల కొరత తీరనందున, వర్తకుల కోరికపైనే 1729లో ముక్కలు మళ్లీ అనుమతి పొందాయి. ఈసారి బొమ్మల్లేని తెల్లని అట్టలను వాడి, చదువురానివారు సైతం పోల్చుకునేలా మూలలు కత్తిరించి విలువలను వేరుచేశారు.

ఈ ద్రవ్యానికి అంతం పలికిన సప్తవర్ష సంగ్రామం తెలుగుతీరాన్నీ తాకింది. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ సేనలు ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నం కోటను గెలుచుకోగా, అదే ఏడాది సెప్టెంబరులో క్విబెక్ ఆంగ్లేయుల వశమైంది. 1763 నాటి పారిస్ సంధి యానాం వంటి వర్తక స్థావరాలను ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చి, కెనడాను బ్రిటన్‌కు అప్పగించింది. జనం చేతుల్లో మిగిలిన కాగితపు ద్రవ్యానికి ఫ్రాన్సు కొంత భాగాన్ని మాత్రమే, అదీ రుణపత్రాల రూపంలో చెల్లించింది.

1685 నాటి ముక్కల్లో ఒక్కటీ నేడు మిగలలేదు. పుస్తకాల్లో కనిపించేవి తరువాతి చిత్రకారుల ఊహలే. కాగితానికి విలువనిచ్చేది ఖజానా మాట నిలుపుకునే శక్తేనని నిరూపించిన ఈ ఉదంతానికి వింతల జాబితాలో కన్నా ద్రవ్య చరిత్రలోనే సముచిత స్థానం ఉంది.