సెకండులో వెయ్యవ వంతు: తెరమీది తుపాకి పోటీల కథ

2019 మార్చి 10వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలిలోని బాలయోగి ఇండోర్ స్టేడియములో ఒక పోటీ జరిగినది. చూడవచ్చినవారి కేకలకు కొదవ లేదు. కాని ఆటగాండ్రు పరుగెత్తలేదు, ఎగురలేదు. కుర్చీలలో కూర్చుండి, సెల్‌ఫోను తెరమీద బొటనవ్రేళ్లు మాత్రము కదలించిరి. అది పబ్‌జీ మొబైల్ ఇండియా సీరీస్ అను పోటీ యొక్క తుది ఘట్టము. నలుగురేసి జట్లుగా ఆటగాండ్రు ఒక కల్పిత ద్వీపములో దిగుదురు, ఆయుధములు వెదకికొందురు, ఒకరినొకరు కాల్చుకొనగా కడపట మిగిలిన జట్టు గెలిచినట్లు. బహుమతుల మొత్తము కోటి రూపాయలు. ‘మోర్టల్’ అను మారుపేరుతో ప్రసిద్ధుడైన నమన్ మాథుర్ నాయకత్వమున ‘టీమ్ సోల్’ అను జట్టు మొదటి బహుమతి 30 లక్షలు గెలుచుకొనినది. వింత యేమనగా, సరిగా అదే నెలలో గుజరాతులోని రాజ్‌కోట పోలీసులు ఇదే ఆటను నిషేధించి, ఆడుచున్న కొందరు యువకులను అరెస్టు చేసిరి. ఒక ఊరిలో నేరము, ఒక ఊరిలో లక్షల బహుమానము!

ఆ వివాదమును అటుంచి ఒక చిన్న ప్రశ్న వేసికొందము. ఈ పోటీ తొలి ఘట్టములను ఎవరి యింట వారు కూర్చుండియే ఆడవచ్చును. మార్కాపురమున గాని, గిద్దలూరున గాని, ఫోను ఉన్న ఏ నలుగురు కుర్రవాండ్రైనను పేరు నమోదు చేసికొనవచ్చును. ఆట జరుగునది నెట్‌వర్కు మీద. అట్టిచో తుది ఘట్టమునకు మాత్రము జట్లనన్నిటిని ప్రయాణము చేయించి ఒక్క కప్పు క్రిందికి చేర్చుట ఎందులకు? ప్రేక్షకుల కొరకు, టిక్కెట్ల కొరకు, ప్రకటనల కొరకు అని చెప్పవచ్చును. అదియు నిజమే. కాని అంతకంటె పాత కారణము మరొకటి కలదు. అది భౌతికశాస్త్రమునకు సంబంధించినది.

1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 అను కంప్యూటరు మీద ‘స్పేస్‌వార్’ అను ఆటను తయారు చేసిరి. రెండు అంతరిక్షనౌకలు, నడుమ ఆకర్షించు నక్షత్రము, ఒకదానిపై నొకటి ప్రయోగించు అస్త్రములు: ఇంతియే ఆట. 1972 అక్టోబరు 19న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఈ ఆటకు పోటీ పెట్టిరి. జట్ల పోటీ కూడ అందులో ఒక భాగము. బహుమతి ఒక పత్రికకు ఏడాది చందా. ఆనాడు ఆలస్యమను సమస్యయే లేదు. ఆటగాండ్రందరు ఒకే గదిలో, ఒకే కంప్యూటరు ముందు కూర్చుండిరి. మీట నొక్కుటకును తెర మారుటకును నడుమ దూరము కొన్ని గజముల తీగ మాత్రమే.

1993లో ‘డూమ్’ అను ఆట వెలువడినది. నాలుగు కంప్యూటర్లను ఒక గదిలో తీగలతో కలిపి నలుగురు ఆడవచ్చును. 1996లో అదే సంస్థవారి ‘క్వేక్’ వచ్చినది. దానిని గదిలో ఆడిన హాయిగా నుండెను. టెలిఫోను తీగ ద్వారా మోడెముతో ఇంటినుండి ఆడినవారికి చుక్కలు కనబడెను. మీట నొక్కిన తరువాత ఆ వార్త దూరపు సర్వరును చేరి, జవాబు తిరిగి వచ్చుటకు సెకండులో నాలుగవ వంతు పట్టినను పట్టును. అంతవరకు తెరమీది మనిషి అడుగు వేయడు. బురదలో నడచినట్లుండును.

ఆ ఆటను నిర్మించిన జాన్ కార్మాక్ అదే ఏడాది చివర ‘క్వేక్‌వరల్డ్’ అను క్రొత్త రూపమును విడుదల చేసెను. అందలి ఉపాయము మనకు తెలియనిది కాదు. గిద్దలూరులో కదలిన రైలుబండి కంభము దాటి మార్కాపురం రోడ్డు స్టేషనుకు రావలెను. దారిలో బండి ఎవరికిని కనబడదు. ఐనను బయలుదేరిన వేళ, బండి వేగము తెలిసినవాడు ‘ఈపాటికి ఫలానా చోట నుండును’ అని చెప్పగలడు. కంభము నుండి కబురు అందగానే తన అంచనాను సవరించుకొనును. ఆటగాని కంప్యూటరు కూడ ఇట్లే చేయును. సర్వరు జవాబు కొరకు కాచుకొనక, జరుగబోవు దానిని ఊహించి వెంటనే చూపును. జవాబు వచ్చిన పిదప తప్పుండిన దిద్దుకొనును.

నడకకు ఇది చాలును. తుపాకికి చాలదు. శత్రువు తలపై గురిపెట్టి మీట నొక్కితిరి. వార్త సర్వరు చేరులోపల శత్రువు గోడ చాటునకు జరిగినాడు. గురి తప్పినట్లా, తగిలినట్లా? 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ అను ఇద్దరు యువకులు తయారుచేసిన ‘కౌంటర్‌-స్ట్రైక్’ అను ఐదుగురేసి జట్ల ఆట ప్రపంచమంతట వ్యాపించుటతో ఈ ప్రశ్న పెద్దదైనది. దానిని తరువాత ప్రచురించిన వాల్వ్ సంస్థలోని యాన్ బెర్నియర్ 2001లో ఒక పద్ధతిని వివరించెను. సర్వరు కొద్ది క్షణముల పూర్వపు స్థితులను జ్ఞాపకముంచుకొనును. కాల్చినవాని వార్త ఎంత ఆలస్యముగా వచ్చినదో లెక్కించి, కాలమును అంత వెనుకకు త్రిప్పి, ఆ క్షణమున వాని తెరపై శత్రువు ఎక్కడ కనబడెనో చూచి తీర్పు చెప్పును. న్యాయమే. కాని గోడ చాటునకు చేరి ఊపిరి పీల్చుకొనిన వాడు, చేరిన తరువాత చచ్చుచున్నాడు! ఒకరికి న్యాయము జరిగినప్పుడు రెండవ వానికి అన్యాయము తప్పదు. ఆలస్యము పోలేదు, ఎవరి నెత్తిన పెట్టవలెనో నిర్ణయించుట మాత్రమే జరిగినది.

అందుచేతనే పెద్ద పోటీలు మొదటినుండియు ఒకే బాటను పట్టినవి. 1997లో క్వేక్ ఆటకు జరిగిన ‘రెడ్ అనిహిలేషన్’ పోటీలో తొలి ఘట్టములు ఇంటర్నెట్టు మీద నడచినవి. తుది ఘట్టమునకు మాత్రము ఆటగాండ్రను అట్లాంటా నగరమునకు రప్పించిరి. గెలిచిన డెనిస్ ఫాంగ్‌కు కార్మాక్ తన ఫెరారీ కారునే బహుమతిగా ఇచ్చెను. 2001లో సియోల్ నగరమున వరల్డ్ సైబర్ గేమ్స్, 2013లో స్వీడన్‌లోని యాన్‌షోపింగ్‌లో కౌంటర్‌-స్ట్రైక్ తొలి ‘మేజర్’ పోటీ, అన్నియు ఇట్లే. సర్వరును ఆటగాండ్రను ఒకే గదికి చేర్చి, ఆలస్యమును అందరికి సమానము చేయుటయే రహస్యము.

సెకండులో పదవ వంతునకు ఇంత రభస యేల అని అడుగువారు ఒక పాత కథను వినవలెను. 1796లో గ్రీనిచ్ వేధశాలలో నెవిల్ మాస్కెలిన్ తన సహాయకుడు కిన్నెబ్రూక్‌ను పనిలోనుండి తొలగించెను. నక్షత్రము దుర్భిణిలోని తీగను దాటు క్షణమును అతడు తనకంటె 0.8 సెకండు ఆలస్యముగా గుర్తించుచున్నాడని ఆరోపణ. పాపము, తప్పు అతనిది కాదు. చూచుటకును స్పందించుటకును నడుమ ప్రతి మనిషికి కొంత ఆలస్యముండుననియు, అది మనిషికి మనిషికి మారుననియు తరువాతి కాలమున బెసెల్ మొదలైనవారు కనుగొనిరి.

ఈ ఆలస్యమును తరగతిలోనే కొలువవచ్చును. ఒకరు అడుగు స్కేలును పైకొనతో నిలువుగా పట్టుకొనవలెను. రెండవవారు క్రిందికొన వద్ద వ్రేళ్లు తెరచి సిద్ధముగా నుండవలెను. చెప్పకుండ వదలిన స్కేలును పట్టుకొనునప్పటికి అది ఎంత జారినదో చూడుడు. 20 సెంటీమీటర్లు జారిన, పట్టిన కాలము సుమారు 0.20 సెకండు. చురుకైన వాడు 16 సెంటీమీటర్ల వద్దనే పట్టుకొనును, అది 0.18 సెకండు. అనగా ఎంతో సాధన చేసి సంపాదించు ఆధిక్యము సెకండులో వెయ్యింట ఇరువది వంతులు.

ఇప్పుడు పశ్చిమ ప్రకాశమునకు వత్తము. శూన్యములో కాంతి సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. గాజుతంతువులో దాని వేగము 2 లక్షలకు తగ్గును. ఆట నడపు సర్వరు ముంబయిలో నున్నదనుకొందము. మార్కాపురము నుండి ముంబయి సరళరేఖలో సుమారు 770 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 8 మిల్లీసెకండ్లు చాలును. సింగపూరు ఐనచో సుమారు 3,100 కిలోమీటర్లు, 31 మిల్లీసెకండ్లు. బెర్లిన్ ఐనచో 7,000 కిలోమీటర్లు, 70 మిల్లీసెకండ్లు. ఇది ప్రకృతి విధించిన కనీసపు సుంకము. ఎంత డబ్బు పోసినను ఇంతకు తగ్గదు.

అసలు చిక్కు ఈ సుంకము కాదు, దానిపై చేరు తక్కిన రుసుములు. వార్త సరళరేఖలో పోదు. పెద్ద నగరములలోని కేంద్రముల గుండ చుట్టు తిరుగును. సెల్‌ఫోను విషయమున మరొక నిరీక్షణ కలదు. ఫోను తనంతట తాను మాటలాడరాదు. టవరును అనుమతి అడుగవలెను. ఒకే టవరును వందలమంది వాడుచున్న సాయంకాలమున ఆ అనుమతి ఆలస్యమగును. నల్లమల కొండల ప్రక్క ఊళ్లలో సంకేతము బలహీనపడి, పోయిన వార్తను మరల మరల పంపవలసి వచ్చును. ఈ ఆలస్యము ఒకే తీరుగ నుండినను సర్దుకొనవచ్చును. ఒక క్షణము 40, మరుక్షణము 150 మిల్లీసెకండ్లగుటయే ఆటగానిని ముంచును.

2016లో చవుకగా 4జీ సేవలు రాకపోయినచో ఈ ఊళ్లలో ఈ ఆట ప్రసక్తియే ఉండెడిది కాదు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకము కాంతితంతువును భూమి త్రవ్వకుండ కరెంటు స్తంభముల మీదుగా లాగినది. టవరును అనుమతి అడుగనక్కరలేని ఆ తీగ ఇంటిలోనికి వచ్చినచో ఆటగానికి కలుగు లాభము వేగముకంటె నిలకడ.

గిద్దలూరు కుర్రవాని వార్త ముంబయి కుర్రవాని వార్తకంటె 80 మిల్లీసెకండ్లు ఆలస్యముగా చేరుచున్నదనుకొందము. వాని స్పందనకాలము 0.20 సెకండే ఐనను సర్వరు దృష్టిలో అది 0.28 సెకండు. మన స్కేలు లెక్కలో చూచిన 38 సెంటీమీటర్లు. అడుగు స్కేలు వ్రేళ్లకు చిక్కకుండనే నేలపై పడిపోయినదన్నమాట.

ఈ వాదమునకు 2020వ సంవత్సరము పెద్ద ప్రయోగము వంటిది. అంటువ్యాధి వలన ఎవరును ప్రయాణము చేయరాదు. ఇంటినుండి ఆడు ఆటకేమి లోటు అని తోచును. కాని కౌంటర్‌-స్ట్రైక్ వారి రియో మేజర్ పోటీ మొదట వాయిదాపడి తరువాత రద్దైనది. పబ్‌జీ మొబైల్ వరల్డ్ లీగు తూర్పు, పడమర అని రెండు భాగములుగ జరిగినది. రెండు భాగములకు ఇద్దరు విజేతలు. ఇండ్లలోనుండి ఆడవచ్చును గాని, ఇండ్లలోనుండి లోకమంతటికి ఒక్క విజేతను తేల్చుట సాధ్యము కాలేదు. తూర్పు భాగమున ఆ ఆగస్టులో ఇండోనేషియా జట్టు బిగెట్రాన్ మొదటిదిగను, మన దేశపు ‘ఆరెంజ్ రాక్’ రెండవదిగను నిలిచినవి. మూడు వారములు గడచి, సెప్టెంబరు 2న భారత ప్రభుత్వము ఆ ఆటను నిషేధించినది.

ఆట 2021 జూలైలో క్రొత్త పేరుతో తిరిగి వచ్చి, 2022 జూలైలో మరల మాయమై, 2023లో మరల వచ్చినది. 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌కు కేంద్ర క్రీడాశాఖ పరిధిలో చోటు లభించినది. 2025 నాటి చట్టము పందెపు ఆటలను నిషేధించి, వీటిని వేరుగ గుర్తించినది. 2023లో హాంగ్‌జౌ ఏషియా క్రీడలలో ఇదే ఆటను, మనుష్యులను కాల్చుట తీసివేసి, గురిబొమ్మలను మాత్రమే కాల్చునట్లు మార్చి ఆడించిరి. చైనా బంగారు పతకము గెలిచినది. ఆటలోని హింసను గూర్చి బెంగపడు ఉపాధ్యాయులు ఈ మార్పును గమనింపదగును.

తుది ఘట్టములు మాత్రము నేటికిని ఒక్క కప్పు క్రిందనే. గిద్దలూరు ప్రాంతపు జట్టు హైదరాబాదు హాలు వరకు రాగలిగినచో, అక్కడ ముంబయి జట్టుతో సమానమే. మార్కాపురము నుండి ఆ హాలుకు సరళరేఖలో 200 కిలోమీటర్లకు కొంచెము మించును. కాంతికి ఒక మిల్లీసెకండు, బస్సుకు ఒక రాత్రి. చిక్కు ఆ రాత్రి ప్రయాణములో లేదు. హాలు వరకు రావలెనన్న మొదట ఇంటినుండి ఆడు ఘట్టములన్నియు గెలువవలెను. వాటిని ఆడవలసినది ఊరి టవరు మీదనే.