చూచినదే చిత్రం: దర్పణ కెమేరా కథ

ఛాయాచిత్రకళను 1839లో ఫ్రాన్సు దేశంలో లోకానికి వెల్లడించినారు. మరుసటి సంవత్సరానికే అది కలకత్తా చేరింది. 1850 దాటిన తరువాత కెమేరా మన దక్షిణదేశపు శిథిలాలవైపు తిరిగింది. మద్రాసు సైన్యంలో ఉద్యోగి అయిన అలెగ్జాండర్ గ్రీన్లా 1856 ప్రాంతంలో హంపీలోని విజయనగర ఆలయాలను, మండపాలను పెద్ద పెద్ద కాగితపు నెగటివులమీద చిత్రించినాడు. 1868లో మద్రాసు ప్రభుత్వం నియోగించగా ఎడ్మండ్ లయన్ అనంతపురం సీమకు వచ్చి తాడిపత్రి గుడుల చిత్రాలు తీసినాడు.

వీరి పరిశ్రమను గురించి ఒక్క సంగతి తెలుసుకొంటే, ఆ తరువాత నూరేండ్లపాటు కెమేరా ఏ దిక్కుగా నడిచిందో తెలుస్తుంది. వారి కెమేరా ఒక పెద్ద చెక్కపెట్టె. ముందు కటకం, వెనుక గరుకు గాజుపలక. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ తలపై కప్పుకొని, ఆ గాజుమీద తలక్రిందులుగా పడిన గోపురాన్ని చూచి కటకాన్ని సవరించుకొనేవాడు. తరువాత గాజుపలకను తొలగించి, ఆ స్థానంలో మందు పూసిన కాగితాన్ని పెట్టేవాడు. అంటే చూచే వేళ వేరు, చిత్రం పడే వేళ వేరు. కాగితం లోపలికి వెళ్ళిన తరువాత కెమేరా ఏమి చూస్తున్నదో మనిషికి తెలియదు. కదలని గోపురానికి ఇబ్బంది లేదు. పరుగెత్తే ఎద్దుబండి సంగతి ఏమిటి?

కటకం చూచేదానినే మనిషి కన్ను కూడ, చివరి క్షణందాకా, చూడగలగడం ఎట్లా? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబే దర్పణ కెమేరా. దానినే వాడుకలో సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అనీ, పొట్టిగా ఎస్.ఎల్.ఆర్. అనీ అంటారు.

అద్దం పెట్టెలోకి వచ్చిన విధం

పెట్టెలో ఏటవాలుగా అద్దం పెట్టి బింబాన్ని పైకి మళ్ళించడం క్రొత్త ఊహ కాదు. ఛాయాచిత్రం పుట్టడానికి నూటయాభై ఏండ్లకు ముందే, 1685లో, జర్మనీ దేశస్థుడైన జోహాన్ జాన్ ఇటువంటి పెట్టెను వర్ణించినాడు. చిత్రకారులు దాని పైనున్న గాజుపై కాగితం పరచి గీతలు గీసుకొనేవారు. దీనిని ఫొటో తీసే కెమేరాలో అమర్చి 1861లో పేటెంటు పొందినవాడు ఇంగ్లండు దేశస్థుడు థామస్ సటన్. అదే సంవత్సరం మాక్స్‌వెల్ తన మూడు రంగుల సిద్ధాంతాన్ని ప్రదర్శించడానికి వాడిన రిబ్బను చిత్రాలను తీసినవాడు కూడ ఇతడే.

ఇందులోని సూత్రం ఉన్నతపాఠశాల విద్యార్థికి తెలిసినదే. కటకానికి వెనుక అద్దాన్ని 45 డిగ్రీల వాలులో ఉంచుతారు. కటకంనుంచి వచ్చిన కిరణాలు అద్దంపై పడి, పైనున్న గరుకు గాజుకు మళ్ళుతవి. కటకంనుంచి అద్దం మీదుగా గాజుకు ఎంత దూరమో, కటకంనుంచి తిన్నగా ఫిల్ముకు కూడ అంతే దూరం ఉండేటట్లు అమర్చుతారు. కనుక గాజుమీద బింబం స్పష్టంగా ఉంటే ఫిల్ముమీద కూడ స్పష్టంగా ఉంటుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి దారి ఇస్తుంది, షట్టరు తెర తెరచుకొంటుంది, కిరణాలు ఫిల్మును తాకుతవి.

ఐతే మూడు చిక్కులు మిగిలినవి. మొదటిది పరిమాణం. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంనుంచి వెలువడిన కినే ఎక్సాక్టా, సినిమా ఫిల్ము వెడల్పయిన 35 మిల్లీమీటర్ల ఫిల్మును వాడి, దర్పణ కెమేరాను చేతిలో ఇమిడేటట్లు చేసింది. రెండవది కుడియెడమల తారుమారు. ఒక్క అద్దం బింబాన్ని నిటారుగా నిలుపుతుందిగాని కుడిని ఎడమగానే చూపుతుంది. దానిని సరిదిద్దడానికి అయిదు ముఖాల కోతగల పట్టకాన్ని గాజుపై అమర్చినారు. దాని పైభాగం ఇంటికప్పు మాదిరి రెండు పల్లాలుగా ఉండి కుడియెడమలను మార్చివేస్తుంది. 1949లో డ్రెస్డెన్‌లోనే తయారైన కాంటాక్స్ ఎస్ ఈ పట్టకంతో వచ్చింది. అప్పటినుంచి కెమేరాను పొట్టదగ్గర పట్టుకొని క్రిందికి చూచే పని తప్పి, కంటికి ఆనించి ఎదుటికి చూడడం వచ్చింది.

మూడవ చిక్కు, పైకి లేచిన అద్దం మరల తానై క్రిందికి దిగకపోవడం. ఫిల్ము త్రిప్పేవరకు కంటిముందు చీకటే. హంగరీలో దులోవిట్స్ 1940లలోనే దీనికొక ఉపాయం చేసినాడు. 1954లో జపానులోని అసాహీ కంపెనీ, తన అసాహీఫ్లెక్స్ రెండవ నమూనాలో, తెర మూసుకొన్న వెంటనే అద్దం తిరిగి వచ్చే ఏర్పాటు చేసి దానిని విరివిగా వాడుకలోకి తెచ్చింది.

ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. అద్దం లేచి ఉన్న ఆ కొద్ది కాలం కంటికి ఏమీ కనిపించదు. అంటే దర్పణ కెమేరా పట్టినవాడు సర్వమూ చూస్తాడుగాని, చిత్రం పడిన ఆ ఒక్క క్షణాన్ని మాత్రం చూడడు.

సామాన్యుని చేతికి

1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వంటివి పత్రికలవారి కెమేరాలు. ఉపాధ్యాయుని జీతానికి అవి అందేవి కావు. మన దేశంలో చాల ఇండ్లకు వచ్చిన మొదటి కెమేరా అగ్ఫా క్లిక్ 3 వంటి చిన్న పెట్టె. ఒక్క రీలుకు 12 బొమ్మలు. దానిలో చూచే రంధ్రం వేరు, కటకం వేరు. దగ్గరినుంచి తీస్తే కంటికి నిండుగా కనిపించిన మనిషికి ఫొటోలో నెత్తి తెగిపోయేది. ఇది కెమేరా మోసం కాదు. రెండు కన్నులను ఒకటి విడిచి ఒకటి మూస్తూ బొటనవ్రేలిని చూస్తే కలిగే స్థానభేదమే అది.

ఈ భేదం లేని దర్పణ కెమేరాను తక్కువ ఖర్చులో అందించినవాటిలో రెంటిని చెప్పుకోవాలి. ఒకటి సోవియట్ దేశపు జెనిత్-ఇ. 1960లలో మొదలై లక్షలకొలది తయారైంది. దాని షట్టరు సెకనులో 30వ వంతునుంచి 500వ వంతువరకే పనిచేస్తుంది. నెత్తిమీది సెలీనియం కాంతిమాపకానికి బ్యాటరీ అక్కరలేదు. వెలుతురే దాని విద్యుత్తు. రెండవది జపాను కంపెనీ 1976లో విడుదల చేసిన పెంటాక్స్ కె1000. షట్టరు ఒక సెకనునుంచి 1000వ వంతువరకు పనిచేస్తుంది. బ్యాటరీ అయిపోయినా కాంతిమాపకపు ముల్లు మాత్రమే ఆగుతుంది. మిగిలిన యంత్రమంతా చేతి బలంతోనే నడుస్తుంది. 1997వరకు, ఇరవైయొక్క సంవత్సరాలు, దాదాపు మార్పు లేకుండ ముప్పైలక్షలకు పైగా తయారైన ఈ కెమేరాను అనేక దేశాల బడులలో విద్యార్థులకు మొదటి పలకగా ఇచ్చినారు.

దిగుమతి లైసెన్సులు, సుంకాలు ఉన్న రోజులలో ఇవి మన ఊళ్ళకు సులభంగా వచ్చేవి కావు. ఫిల్ము కొరత తీర్చడానికి భారతప్రభుత్వం 1960లో హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అనే సంస్థను స్థాపించింది. ఉదకమండలంలోని దాని కర్మాగారంనుంచి 1967 మొదలు 'ఇందు' అనే పేరుతో నలుపు తెలుపు ఫిల్ము వచ్చింది. తరువాతి కాలంలో ఆ కర్మాగారం మూతపడింది.

రామగిరి గాలిమరలు: ఒక లెక్క

ఇటువంటి కెమేరా చేతికి వస్తే దానితో ఏమి నేర్చుకోవచ్చునో చూతాము. కెమేరాలో యజమాని త్రిప్పవలసినవి మూడే: కటకపు రంధ్రం, షట్టరు కాలం, దూరం. మొదటి రెండూ వెలుతురును కొలిచి పోసే రెండు చేతులు. రంధ్రాన్ని ఎఫ్ సంఖ్యతో చెబుతారు. నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. 50 మిల్లీమీటర్ల కటకానికి ఎఫ్ 2 అంటే 25 మిల్లీమీటర్ల రంధ్రం, ఎఫ్ 16 అంటే సుమారు 3 మిల్లీమీటర్ల రంధ్రం.

ధర్మవరం, పెనుకొండల నడుమనున్న రామగిరి కొండలమీద 1990లలో గాలిమరలు వెలిసినవి. షట్టరు పాఠానికి ఇంతకంటె మంచి ప్రయోగశాల లేదు. రెక్క కొన సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతున్నదనీ, మనం 200 మీటర్ల దూరంలో నిలిచి 50 మిల్లీమీటర్ల కటకంతో తీస్తున్నామనీ అనుకొందాము. దూరం నాభ్యంతరానికి 4000 రెట్లు కనుక ఫిల్ముమీద ప్రతి వస్తువు 4000వ వంతుకు తగ్గుతుంది. సెకనులో 30వ వంతు కాలంలో రెక్క కొన 167 సెంటీమీటర్లు కదులుతుంది. ఫిల్ముమీద అది 0.42 మిల్లీమీటరు. చిత్రాన్ని పెద్దది చేస్తే రెక్క పొగవలె చెదరి కనిపిస్తుంది. 500వ వంతులో కదిలేది 10 సెంటీమీటర్లే. ఫిల్ముమీద 0.025 మిల్లీమీటరు. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు 0.03 మిల్లీమీటరువరకు కన్ను సహిస్తుందని సాధారణంగా లెక్క. కనుక రెక్క నిలిచిపోయినట్లే కనిపిస్తుంది. గాలిమర తిరుగుతున్నట్లు తోచాలా, ఆగినట్లు తోచాలా అనేది తీసేవాని ఇష్టం. కెమేరా ఆ నిర్ణయం చేయదు.

లేపాక్షి కప్పు క్రింద

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో వెలుతురు పాఠం పూర్తవుతుంది. ఊరి అంచున ఎండలో కూర్చున్న ఏకశిలా నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. దానికి కాంతిమాపకం కూడ అక్కరలేదు. మబ్బులేని ఎండలో రంధ్రం ఎఫ్ 16 దగ్గర ఉంచి, ఫిల్ము వేగం 100 ఐతే షట్టరును 125వ వంతుకు త్రిప్పితే చాలు. ఇది ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం.

అక్కడినుంచి వీరభద్రాలయంలోకి నడచి, 16వ శతాబ్దపు వర్ణచిత్రాలున్న మండపపు కప్పును చూడండి. మన కన్ను కొద్దిసేపటికి చీకటికి అలవాటు పడుతుంది. ఫిల్ముకు అటువంటి అలవాటు లేదు. లోపలి వెలుతురు బయటి ఎండలో వెయ్యవ వంతు అనుకొందాము. రంధ్రాన్ని ఎఫ్ 16నుంచి ఎఫ్ 2కు తెరిస్తే వ్యాసం 8 రెట్లు, వైశాల్యం 64 రెట్లు పెరుగుతుంది. వెయ్యిని 64తో భాగిస్తే సుమారు 16. కనుక షట్టరు 16 రెట్లు ఎక్కువ కాలం, అంటే సెకనులో 8వ వంతు, తెరచి ఉండాలి. అంత సేపు చెయ్యి కదలకుండ ఉండదు. కాబట్టి పురావస్తుశాఖవారి అనుమతితో మూడుకాళ్ళ స్టాండు వాడాలి, లేదా వేగం 400 ఉన్న ఫిల్ము వేసుకొని 30వ వంతులో ఊపిరి బిగబట్టి తీయాలి. జెనిత్‌లో 8వ వంతు లేనే లేదు; కె1000లో ఉన్నది. చౌక కెమేరాలలోని తేడా ఇటువంటిచోట తెలుస్తుంది. మెరుపు దీపం వేయరాదు. పాత రంగులకు వెలుతురు మేలుచేయదు.

ఇక రోజువారీ జాగ్రత్తలు. ఈ సీమలో వాన తక్కువ. కటకానికి బూజుకంటె దుమ్ము బాధ ఎక్కువ. గాలి వీచే కొండమీద ఫిల్ము మార్చవలసివస్తే గాలికి వీపు త్రిప్పి, నీడలో మార్చాలి. ఫిల్ము వేసి మీట త్రిప్పినపుడు ఎడమవైపు గుండీ కూడ తిరుగుతున్నదా అని చూడాలి. తిరగకపోతే ఫిల్ము పండ్లచక్రానికి చిక్కలేదన్నమాట. అప్పుడు అంకె 36 చూపిస్తుంది, బొమ్మ ఒక్కటీ ఉండదు. కె1000 కాంతిమాపకానికి ఆపే మీట లేదు. కటకానికి మూత పెట్టడమే బ్యాటరీని కాపాడే మార్గం.

మిగిలిన పని

2000 తరువాత డిజిటల్ కెమేరాలు ఫిల్మును వెనుకకు నెట్టినవి. కటకం చూచేదానిని విద్యుత్ తెరపై సూటిగా చూపగల కెమేరాలు వచ్చిన తరువాత అద్దానికి కూడ పని తగ్గింది. ఇప్పుడు జేబులోని ఫోనే వెలుతురు కొలిచి, దూరం చూచి, చిత్రం తీసి ఇస్తుంది. అది మేలే. ఐతే పిల్లవానికి వెలుతురును అంచనావేసే పని లేకుండపోయింది. 36 బొమ్మలే ఉన్నవని తెలిసినవాడు ప్రతి బొమ్మకు ముందు ఒక లెక్క వేసుకొనేవాడు. ఆ లెక్కలో వక్రీభవనం, పరావర్తనం, నిష్పత్తి, రసాయనం అన్నీ ఉండేవి. బీరువాలో మూలపడిన పాత దర్పణ కెమేరా ఉంటే ఉపాధ్యాయులు దానిని తరగతికి తేవచ్చును. ఫిల్ము లేకపోయినా, వెనుక తలుపు తీసి, షట్టరును తెరచి ఉంచి, ఫిల్ము స్థానంలో పలుచని నూనెకాగితం ఆనిస్తే, కిటికీ బయటి వేపచెట్టు తలక్రిందులుగా కనిపిస్తుంది. గ్రీన్లా నల్లగుడ్డ క్రింద చూచినది అదే.

ఆ గ్రీన్లా నెగటివులు పోలేదు. 1983లో ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు జాన్ గోలింగ్స్ హంపీకి వచ్చి, అవే స్థలాలలో నిలిచి అవే దృశ్యాలను మరల తీసినాడు. రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు నూటయిరవైయేడేండ్లలో ఏ గోడ కూలిందో, ఏ స్తంభాన్ని తిరిగి నిలిపినారో వేలు పెట్టి చూపవచ్చు. విజయనగరం పడిన తరువాత రాజధాని అయిన పెనుకొండ కోటకు, రామగిరి కొండలకు, లేపాక్షి కప్పుకు ఇటువంటి సాక్ష్యం ఎంత ఉంటే అంత మంచిది. ఈ ప్రాంతపు పాత స్టూడియోలలో, ఇండ్లలో నెగటివుల పెట్టెలు ఉంటే పారవేయక, వేడి తగలనిచోట, కాగితపు కవర్లలో, స్థలము తేదీ వ్రాసి ఉంచాలి. నలుపు తెలుపు నెగటివులోని బొమ్మ లోహపు వెండి. సరిగా కడిగినదైతే తరాలు నిలుస్తుంది. ఏ పాఠశాలవారైనా కోటగోడను ఏటేటా ఒకే చోటినుంచి, ఒకే నెలలో, ఒకే గంటకు తీసి దాచితే, ఇప్పటి విద్యార్థుల మనుమలకు అది చరిత్ర పాఠమవుతుంది. దానికి ఖరీదైన కెమేరా అక్కరలేదు. నిలిచిన చోటు గుర్తుంచుకొంటే చాలు.