చేతిసంచీలో కుంపటి

చైనా వెళ్ళే మనవాళ్ళని ఈమధ్య ఒక సంగతి తికమక పెడుతోంది. హైదరాబాదులోనో డాలస్‌లోనో కొన్న పవర్ బ్యాంకుని చేతిసంచీలో వేసుకుని షాంఘైలో దర్జాగా దిగొచ్చు. అక్కణ్ణుంచి బీజింగ్‌కి దేశీయ విమానం ఎక్కబోతే మాత్రం దానిమీద 3సి గుర్తుందా అని అడుగుతారు. లేకపోతే దాన్ని అక్కడే వదిలెయ్యాలి. తమాషా ఏమిటంటే, గుర్తులేని నా పవర్ బ్యాంకు వెనక "మేడిన్ చైనా" అనే ఉంది. పుట్టింట్లోనే చెల్లని పిల్లన్నమాట!

ఇది వట్టి చాదస్తం అనుకునేముందు కాస్త చరిత్ర చూద్దాం.

లిథియం అయాన్ బ్యాటరీని సోనీ కంపెనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. చిన్న డబ్బాలో బోలెడు శక్తి. దాని ప్రమాదమూ అందులోనే ఉంది. లోపల రెండు ధ్రువాల మధ్య పల్చటి పొర ఒకటి ఉంటుంది. అది చిరిగితే షార్ట్ సర్క్యూట్, దానివల్ల వేడి, ఆ వేడికి పక్క సెల్లూ అంటుకోవడం... ఇక ఆగదు.

2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి బయల్దేరిన యూపీఎస్ సరుకు విమానంలో మంటలు లేచాయి. సరుకులో వేలకొద్దీ లిథియం బ్యాటరీలున్నాయి. వెనక్కి తిప్పినా లాభం లేకపోయింది, ఇద్దరు పైలట్లూ చనిపోయారు. 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో ఈ బ్యాటరీలని విడిగా సరుకుగా పంపడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించింది.

మరి అంత ప్రమాదమైనదాన్ని మన చేతిసంచీలోనే పెట్టుకోమంటారేం? నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇదే. విమానం పొట్టలో చల్లే హాలాన్ వాయువు పైమంటని అణుస్తుంది గాని బ్యాటరీ లోపలి వేడిని ఆపలేదు. మనుషుల మధ్య ఉంటే పొగ కనిపిస్తుంది, నీళ్ళు పోసి చల్లార్చొచ్చు. అమెరికాలో 2008 జనవరి 1 నుంచే విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెల్లో పెట్టకూడదన్నారు.

అయితే చేతిసంచీ పైఅరలోకి పోతే? 2025 జనవరి 28న కొరియాలోని బుసాన్‌లో, ఇంకా నేలమీదున్న విమానంలో వెనకవైపు పైఅర అంటుకుంది. 176 మందీ జారుడుబల్లల మీంచి దిగి బతికిపోయారు. పవర్ బ్యాంకే కారణం కావచ్చని దర్యాప్తులో తేలింది. మార్చి 1 నుంచి కొరియా విమానాల్లో దాన్ని పైఅరలో పెట్టనివ్వడం లేదు.

అదే ఏడాది జూన్‌లో చైనాలో రోమాస్ 4.9 లక్షలు, ఆంకర్ 7 లక్షలకు పైగా పవర్ బ్యాంకుల్ని వెనక్కి పిలిపించాయి. ఆ నెల 28 నుంచి 3సి గుర్తు లేనివీ, గుర్తు చెరిగిపోయినవీ, వెనక్కి పిలిపించినవీ దేశీయ విమానాల్లో నిషిద్ధం.

ఒక లెక్క గుర్తుంచుకోండి. ఎమ్ఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు. 20,000కి 74 వస్తుంది. 100 దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి.

గుర్తున్నంత మాత్రాన అది కాలదని కాదు, పరీక్షకి నిలిచిన నమూనా అని మాత్రమే. కాబట్టి అమ్మానాన్నలు ప్రయాణమైతే పవర్ బ్యాంకు ఎక్కడ కొన్నారన్నదానికంటే ఎక్కడ పెట్టుకున్నారో ముందు అడగండి. కళ్ళెదురుగా ఉండాలి, అంతే.